ఎర్రముక్కుకు తగిన రెక్క

మే 3, ఆదివారం

ఈ రోజు మా రిమోట్ విమానాల క్లబ్బు మీటింగ్. మీటింగ్ అంటే మైదానం చివర రేకుల షెడ్డులో తొమ్మిది కుర్చీలు, ఒక ఫ్లాస్కు, అందులో ఎప్పుడూ అందరికీ సరిపోని టీ. ప్రెసిడెంటుగారు నిలబడి మాట్లాడారు. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. నిలబడ్డారంటే ఎవరికో మూడిందన్నమాట. ఈసారి నాకు.

మైదానం పక్కింటాయన చప్పుడు భరించలేకపోతున్నానన్నాడట. ఇంకోసారి ఆ మాట వినిపిస్తే గేటుకు తాళం వేసేస్తానని స్థలం ఇచ్చిన ఆసామి కబురు పెట్టాడట. "చప్పుడు" అని మాస్టారు అనగానే ఎనిమిది తలలూ నా వైపు తిరిగాయి. వాళ్లందరివీ బ్యాటరీ విమానాలు. టేబుల్ ఫ్యాను చేసినంత చప్పుడు కూడా చెయ్యవు. ఇంధనం తాగి అరిచేది నా ఎర్రముక్కు ఒక్కటే.

"అమ్మాయ్, నెలాఖరుదాకా చూస్తాను. ఈలోగా దాని నోరు మూయించు. లేదంటే అది ఇంట్లో, మేం ఇక్కడ" అన్నారు. నలభై మూడేళ్లొచ్చినా ఆయనకు నేను అమ్మాయినే.

"అలాగే మాస్టారూ" అన్నాను. నవ్వుతూ కూడా అన్నాననుకుంటాను. ఇంటికి వచ్చే దారిలో అడ్డం లేనివాళ్లకు కూడా హారన్ కొట్టాను.

ఎర్రముక్కు ఇంట్లో ఉండటం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. వారమంతా తల వంచుకుని ఊళ్లోవాళ్లకు కట్టుడు పళ్లు చెక్కుతాను. మైదానంలో ఉన్న ఆ కాస్సేపే తల పైకెత్తుతాను. అదీ వద్దంటే ఇక ఈ మెడ ఎందుకు?

మే 4

సైలెన్సర్ కొత్తదే. దాని తప్పు కాదు.

మే 6

ప్రొపెల్లరే.

ఇప్పుడు ముక్కుకు ఉన్నది పదకొండు-ఎనిమిది సైజుది. పొట్టి రెక్క, వాలు ఎక్కువ. ఇంజను మీద బరువు పడదు, గిర్రున తిరుగుతుంది. నిట్టనిలువుగా నేల మీదికి దూకించేటప్పుడు ఇంకా రెచ్చిపోయి కేక పెడుతుంది. నిజం చెప్పాలంటే ఆ కేక కోసమే దాన్ని కొన్నాను.

మరదలికి చెప్పాను. తమ్ముడి ఇంట్లో మేడమీద గది నాది. పెళ్లయిన ఏడాదికే తిరిగొచ్చి ఎక్కిన మేడ, మళ్లీ దిగలేదు. కింద వంటింట్లో ఏం జరిగినా నాకు, మేడమీద ఏం జరిగినా మరదలికి తెలిసిపోతుంది.

"నువ్వు అరవాల్సినవన్నీ అది అరుస్తుంది వదినా. దాని నోరు మూయిస్తే ఆ అరుపులన్నీ మా మీదికి వస్తాయేమోనని నా భయం" అంది.

మరదలికి నాలుక ఉండాల్సిన దానికన్నా రెండు అంగుళాలు ఎక్కువ.

మే 9, శనివారం

ఆ పక్కింటి పెద్దమనిషిని చూసొచ్చాను. దెబ్బలాడదామనే వెళ్లాను.

మైదానం కంచె దాటితే సన్నటి కాలవ, దాని మీద చెక్క వంతెన, అవతల నీలం గేటున్న ఒంటరి ఇల్లు. పడకగది కిటికీ సరిగ్గా మా రన్‌వేకి ఎదురుగా. బెల్ లేదు. తలుపు దబదబా కొట్టాను. చాలాసేపటికి తీశారు. యాభైకి కాస్త అటూ ఇటూ. చెంప మీద దిండు గీతలు, కనుబొమల్లో తెల్లగా పిండి.

"చప్పుడు గురించి చెప్పింది మీరేనా?"

"నేనేనండీ. మీరు?"

"ఆ చప్పుడు నాదే."

తలుపు పూర్తిగా తీసి, "లోపలికి రండి" అన్నారు. తిట్టడానికి వచ్చినవాళ్లను లోపలికి రమ్మంటే సగం తిట్లు గుమ్మంలోనే రాలిపోతాయి.

ఆయనకు బేకరీ ఉంది. రాత్రంతా పిండి పిసికి, రొట్టెలు కాల్చి, తెల్లవారాక ఇంటికొచ్చి పడుకుంటారు. సరిగ్గా అప్పుడే నేను ఎర్రముక్కును లేపుతాను.

"కావాలని చెప్పలేదండీ. మీ స్థలం ఆయన మా కొట్టుకే వస్తాడు. కళ్లెందుకలా ఉన్నాయంటే చెప్పాను. ఆయన దీన్ని ఇంతదూరం లాగుతాడనుకోలేదు."

ఇంట్లో ఒక్కరే ఉంటారు. టీ పెట్టి నాకు కప్పులో ఇచ్చి, తను స్టీలు గ్లాసులో పోసుకున్నారు. ఉన్నది ఒకటే కప్పు అనుకుంటాను.

ఒప్పందం కుదిరింది. నేను రకరకాల ప్రొపెల్లర్లు బిగించి, పనికి వెళ్లేముందు ఎగరేస్తాను. ఆయన రోజూలాగే పడుకోవాలి. చప్పుడు వినిపించిందో లేదో చెప్పాలి.

"ఫోన్ కట్టేసి పడుకుంటానండీ నేను."

"అయితే నేనే వచ్చి అడుగుతాను."

"అంటే, పడుకున్నవాణ్ని లేపి, నిద్ర పట్టిందా అని అడుగుతారా?"

"ముందు ఎగరేయనివ్వండి, తర్వాత చూద్దాం" అని వచ్చేశాను. పేరు అడగడం మర్చిపోయాను. ప్రస్తుతానికి నిద్రాభంగంగారు.

మే 12

పన్నెండు-ఆరు. నైలాన్.

నిన్న ల్యాబులో దాన్ని తూచాను. రెండు రెక్కలూ ఒకే బరువు ఉండకపోతే విమానం అంతా వణుకుతుంది. సన్నటి ఇరుసు మీద పెడితే బరువైన రెక్క తనంతట తానే కిందికి వాలుతుంది. పళ్లు నునుపు చేసే మరతో ఆ రెక్కను ఇసుమంత గీకాలి, మళ్లీ పెట్టి చూడాలి. డాక్టరుగారు వచ్చి, దవడ అచ్చుల మధ్య ఉన్న దాన్ని చూసి, "ఇది ఎవరిది?" అన్నారు. "నోరు ఎక్కువున్నవాళ్లది సార్" అన్నాను. నవ్వకుండా వెళ్లిపోయారు. ఆయన పళ్లు చూసి ఎన్నేళ్లయిందో.

ఎగరేశాక నీలం గేటుకు వెళ్లాను. ఈసారి నెమ్మదిగా కొట్టాను.

"ఇంకా ఉందండీ. పైకెళ్లేటప్పుడు పర్లేదు. కిందికి వచ్చేటప్పుడు ఎవరినో ఎవరో తరుముతున్నట్టుంది."

ప్రొపెల్లర్ చేతిలోకి తీసుకుని చూశారు. పన్నెండేమిటి, ఆరేమిటి అని అడిగారు. మరమేకు చెక్కలోకి దిగినట్టు ఇది గాలిలోకి దిగుతుందనీ, మొదటి అంకె రెక్కల పొడవనీ, రెండోది ఒక్క చుట్టుకు ఎంత ముందుకు దిగుతుందో చెప్పేదనీ, అన్నీ అంగుళాలేననీ చెప్పాను.

"మీ పని హాయండీ, అంకెలున్నాయి. నా పిండికి ఏ అంకెలూ లేవు. చెయ్యి పెట్టి అడగడమే."

పిండిని ఏమని అడుగుతారో నేను అడగలేదు. తర్వాత అనిపించింది, అడగాల్సింది.

మే 14

పద్నాలుగు-ఆరు తెచ్చాను. పొడుగు పెరిగితే నెమ్మదిగా తిరుగుతుంది, నెమ్మదిగా తిరిగితే నెమ్మదిగా అరుస్తుంది, అంతే కదా అనుకున్నాను. చక్రాల ఎత్తు కొలవడం మర్చిపోయాను. ఇరవై ఏళ్లుగా ఎగరేస్తున్న మనిషిని. పరుగు మొదలవగానే రెక్క కొసలు గడ్డిని కోసి, మట్టిని కోసి, చివరికి తమనే కోసుకున్నాయి. రెండు ముక్కలు.

ఎగరలేదు కాబట్టి అడగడానికి ఏమీ లేదు. అయినా వెళ్లాను, ఎగరలేదని చెప్పాలి కదా. ఆయన కోసం ఆయన ఎదురుచూడకూడదు కదా అని.

పై వాక్యం సరిగా రాలేదు. నా కోసం ఆయన ఎదురుచూడకూడదు కదా అని. కొట్టేయకుండా వదిలేస్తున్నాను.

ఇవాళ రెండు కప్పులున్నాయి. రెండోది కొత్తది. అడుగున అతికించిన కాగితం ఇంకా తీయలేదు.

మే 17, ఆదివారం

ఆయన చెవితో వినాలనుకున్నాను. అంటే ఆయన గదిలో కూర్చుని వినాలి. అంటే ఎర్రముక్కును వేరేవాళ్లు ఎగరేయాలి. ఇదివరకెప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. మాస్టారి చేతిలో రిమోట్ పెడుతుంటే పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు పది జాగ్రత్తలు చెప్పాను. "పగలగొడితే కొత్తది కొనిస్తాలే" అన్నారు. అదే నా భయం అని చెప్పలేదు. మళ్లీ పన్నెండు-ఆరే బిగించాను.

కిటికీ మూసి ఉంది. నేను కుర్చీలో, ఆయన మంచం అంచున. చప్పుడు మొదలైంది. గోడలో నుంచి వస్తున్నట్టు వచ్చింది.

ఆయన కళ్లు మూసుకుని చెబుతున్నారు. "ఇప్పుడు పైకెళ్తుంది... ఇప్పుడు అటు పొర్లుతుంది... ఇక్కడ మీరైతే మూడుసార్లు తిప్పుతారు. ఈయన రెండే తిప్పాడు."

నేను తెల్లబోయాను. "ఎప్పుడైనా వచ్చి చూశారా?"

"లేదండీ. ఎలా చూస్తాను, పడుకుని ఉంటాగా. అది ఏ రంగులో ఉంటుందో కూడా తెలీదు."

ఎర్రముక్కు అని చెప్పాను. "అయితే రంగు తెలిసినట్టే" అన్నారు.

అప్పుడు పైన ఒక్క క్షణం అంతా ఆగిపోయింది. విమానం శిఖరం మీద తల తిప్పుకునే క్షణం అది. మైదానంలో ఉంటే నాకు ప్రాణం లేచొచ్చేది అక్కడే. ఈ గదిలో మాత్రం ఒళ్లు బిగుసుకుపోయింది. తర్వాత ఏమొస్తుందో తెలుసు. వచ్చింది. కేక పెట్టుకుంటూ దూకింది. నా గుప్పిళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

"అదేనండీ" అన్నారు నిద్రాభంగంగారు. "చప్పుడుతో నాకేం గొడవ లేదు. బేకరీలో పిండి కలిపే మిషను పక్కనే కునుకు తీస్తాను. అది ఆగితేనే మెలకువొస్తుంది. మీది అలా కాదు, ఎప్పుడు అరుస్తుందో తెలీదు. ఇప్పుడు వినిపిస్తుందేమో, ఇప్పుడు వినిపిస్తుందేమో అని కళ్లు తెరుచుకుని పడుకుంటాను."

ఇన్నాళ్లూ నేను చప్పుడు ఎంత పెద్దది అని చూస్తున్నాను. అది కాదు చూడాల్సింది. దూకేటప్పుడు రెచ్చిపోని రెక్క కావాలి. పైకి వెళ్లినా, కిందికి వచ్చినా ఒకే వేగం, ఒకే గొంతు. పోటీల్లో జడ్జీలు అడిగేదీ అదే. "నీ విమానం ఎక్కడం ఏనుగులా, దిగడం పిడుగులా" అని రెండుసార్లు మార్కులు కోశారు. అప్పుడు వాళ్లకు ఏమీ తెలియదనుకున్నాను.

మాస్టారు ఎర్రముక్కును పగలగొట్టలేదు. ఇంకెప్పుడూ దాన్ని నా చేతికివ్వకని రిమోట్ తిరిగిచ్చేశారు.

మే 18

పన్నెండు చాల్లేదు. పద్నాలుగు గడ్డి కోసింది. మధ్యలో ఏముంటుందో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

పదమూడు-ఆరు, చెక్కది, నా సొరుగులోనే ఉంది. ఆరేళ్లుగా ఉంది. ఒక్కసారి ఎగరేసి, ఎద్దుబండిలా ఉందని గుడ్డలో చుట్టి పడేశాను. పొడుగు రెక్క, తక్కువ వాలు. దూకేటప్పుడు గాలికి అడ్డంపడి విమానాన్ని పట్టి ఉంచుతుంది, పరిగెత్తనివ్వదు. చక్రాలు ఒక సైజు పెద్దవి వేస్తే నేలకు తగలదు.

దాని గురించి ఆలోచించాలి. తొందరేం లేదు, నెలాఖరుదాకా గడువుంది.

మే 20

మూడు రెక్కలది ఒకటి తెచ్చి బిగించాను. శాస్త్రీయంగా అన్నీ పరీక్షించకుండా నిర్ణయానికి రావడం మంచిది కాదు.

పైకి లాగడంలో కాస్త నీరసం, కానీ గొంతు మెత్తన. నాకే సరిగా వినిపించలేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

ఆయన నా కప్పులో ఇంకాస్త టీ పోశారు. "ఉందండీ ఇంకా. కొంచెం."

ఆ 'కొంచెం' వినగానే నాకు సంతోషం వేసింది. పని ఇంకా మిగిలి ఉందని. పని అంటే ఇష్టం ఉన్నవాళ్లకు అలాగే ఉంటుంది.

పిండిని ఏమని అడుగుతారని ఇవాళ అడిగాను. "ఇంకా ఎంతసేపు అని. వేలితో నొక్కితే చెబుతుంది. గుంట వెంటనే నిండితే తొందరపడొద్దని. నెమ్మదిగా నిండితే పొయ్యిలో పెట్టమని. అసలు నిండకపోతే ఆలస్యం చేశావని."

ల్యాబుకు ఆలస్యంగా వెళ్లాను.

మే 21

ఎగరేయలేదు. ఆ దారిన పని ఉండి వెళ్లాను. ఏం పనంటే ఇప్పుడు గుర్తు రావడం లేదు.

మే 23

పన్నెండు-ఏడు. "ఉందండీ." మంచిది, ఇది పనికిరాదని రుజువైంది.

మరదలు బట్టలు ఆరేయడానికి మేడమీదికి వచ్చింది. "ప్రొపెల్లర్ దొరికిందా వదినా?"

"లేదు. వెతుకుతున్నాను."

"ఇంత పొద్దున్నే జడ రెండుసార్లు అల్లుకుని మరీ వెతుకుతున్నావు, దొరక్కుండా ఎక్కడికి పోతుందిలే."

"విమానం దగ్గర జుట్టు ఎగిరితే ప్రమాదం."

"అవునవును, చాలా ప్రమాదం" అంటూ తువ్వాలు దులిపింది. నీళ్లన్నీ నా మీద పడ్డాయి. కావాలనే.

మే 25

నిద్రాభంగంగారి కుడి ముంజేతికి కట్టు ఉంది.

తలుపు తీసినప్పుడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. టీ ఎడమ చేత్తో పోస్తుంటే చూశాను. నిన్న రాత్రి పొయ్యి ముందు నిలబడే కునుకు పట్టిందట. వేడి రొట్టెల రేకు అంచు ముంజేతికి ఆనుకుంది. మోచేతిదాకా కాలింది.

"నా వల్లే" అన్నాను.

"పొయ్యి వల్లండీ."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కళ్ల కింద చర్మం నల్లబడి ఉంది. ఈ పది పదిహేను రోజులుగా అది నా కళ్లెదుటే నల్లబడుతోంది, నేను కప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక మనిషి నిద్ర పోవడం లేదు. దానికి మందు నా సొరుగులో గుడ్డలో చుట్టి ఉంది. నేను దాన్ని బయటికి తీయలేదు. ఎందుకు తీయలేదో నాకు మొదటినుంచీ తెలుసు. శాస్త్రీయంగా, జడ్జీలు, గడువు, ఇవన్నీ ఉత్త కబుర్లు. తీస్తే ఈ తలుపు కొట్టడానికి కారణం ఉండదు, అంతే.

టీ తాగకుండా వచ్చేశాను. సాయంత్రం కూర్చుని పదమూడు-ఆరు తూచి, నునుపు చేసి, బిగించాను. పెద్ద చక్రాలు వేశాను. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. సిగ్గు పడుతున్నప్పుడు నా చేతులు బాగా పనిచేస్తాయి.

మే 26

పదమూడు-ఆరు.

ఇది ఎద్దుబండి కాదు. ఆరేళ్ల కిందట నాకు నెమ్మది అంటే ఏమిటో తెలియలేదు, అంతే. నిట్టనిలువుగా పైకి ఒకే ఊపుతో వెళ్లింది. శిఖరం మీద తల తిప్పుకుంది. కిందికి వచ్చేటప్పుడు కేక కోసం అలవాటుగా చెవులు రిక్కించాను. రాలేదు. అదే వేగం, అదే గొంతు. ఎవరో మెట్లు దిగుతున్నట్టు దిగింది. మూడు పొర్లింతలూ ఒకే కొలతలో వచ్చాయి.

మాస్టారు షెడ్డులో నుంచి బయటికి వచ్చి, "ఇదేమిటి, నీ విమానం మర్యాద నేర్చుకుంది" అన్నారు.

నీలం గేటు వైపు చూశాను. కిటికీ మూసి ఉంది. పడుకుని ఉంటారు. నిద్ర పట్టి ఉంటుంది. లేపి, నిద్ర పట్టిందా అని ఎలా అడుగుతాను?

మే 27

ఎగరేశాను. బాగుంది.

మే 28

ఎగరేశాను. బాగానే ఉంది.

మే 30

ఎగరేశాను.

మే 31, ఆదివారం

మీటింగ్. ఆసామి ఇక ఏమీ అనడం లేదట. మైదానం ఉంటుంది, ఎర్రముక్కు ఉంటుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు ఫ్లాస్కులో చివరి టీ నాకే పోశారు. చల్లారిపోయింది.

నెల రోజుల కిందట ఏం కావాలనుకున్నానో అది దొరికింది. దొరికినందుకు సంతోషంగా ఉండాలి. సంతోషంగానే ఉంది.

జూన్ 2

చూడాలనుంది. రాసేశాను. ఇది ఎవరూ చదవరు కదా.

చెయ్యి ఎలా ఉందో అడగడానికి వెళ్లొచ్చు. కానీ ఇప్పుడు హాయిగా పడుకున్న మనిషిని తలుపు కొట్టి లేపితే, నాకూ ఆ పదకొండు-ఎనిమిదికీ తేడా ఏముంది?

జూన్ 4

మరదలు రొట్టె తెచ్చింది. ఊళ్లో ఇంకో ఆరు కొట్లుండగా, పనిగట్టుకుని ఆ బేకరీకే వెళ్లింది. తనెవరో కూడా చెప్పుకుందట.

"ఆయన అడిగాడు వదినా. మీ వదినగారు ఎగరేయడం మానేశారా అని."

"నువ్వేమన్నావు?"

"లేదే, రోజూ ఎగరేస్తోంది కదా అన్నాను. ముఖం అదోలా పెట్టాడు. ఎగరేసి మా ఇంటికి రావట్లేదే అన్నట్టు."

"అన్నట్టా, అన్నాడా?"

"రొట్టె తిను, వేడిగా ఉంది" అని మెట్లు దిగిపోయింది.

రొట్టెను వేలితో నొక్కి చూశాను. గుంట నెమ్మదిగా నిండింది. కాల్చాక ఆ పరీక్ష పనికిరాదని తెలుసు. ఊరికే చూశాను.

జూన్ 7, ఆదివారం

అంతా వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

ఎర్రముక్కుకు ఇంధనం పోస్తున్నాను. చెక్క వంతెన మీద ఎవరో వస్తున్నారు. మడమలు అరిగిన చెప్పులు, ఒక గుండీ తప్పి పెట్టుకున్న చొక్కా, చెంప మీద దిండు గీతలు. మా షెడ్డులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తమ తమ విమానాల్లో ఏదో వెతకడం మొదలుపెట్టారు. మాస్టారైతే ఖాళీ ఫ్లాస్కును ఊపి చూస్తున్నారు.

"చప్పుడు వస్తోందా?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"రావట్లేదండీ. అదే గొడవ." నిద్రాభంగంగారు కంచె పట్టుకుని నిలబడ్డారు. "పది రోజుల నుంచి సరిగా నిద్ర లేదు. ఇప్పుడు వినిపిస్తుందేమో, ఇప్పుడు తలుపు కొడతారేమో అని కళ్లు తెరుచుకుని పడుకుంటున్నాను."

కట్టు విప్పేశారు, ముంజేయి మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది.

"ఈ పదమూడు-ఆరు మొదటినుంచీ నా సొరుగులోనే ఉంది" అన్నాను. "సరిపోయేది అదేనని తెలిశాక కూడా తియ్యలేదు. మీ చెయ్యి కాలేదాకా తియ్యలేదు. మిమ్మల్ని అన్నాళ్లు నిద్ర లేకుండా చేశాను."

ఆయన చెప్పుల వంక చూసుకున్నారు. "ఆ మూడు రెక్కలది ఉంది చూడండి. అది నాకసలు వినపడలేదండీ."

"మరి ఉందన్నారు? ఇంకా కొంచెం ఉందన్నారు?"

"లేదంటే మీరు మళ్లీ రారు కదా."

"దాని తర్వాత పన్నెండు-ఏడు?"

"అది నిజంగానే వినపడింది. కానీ దానికి కాదు నేను మేలుకున్నది. మీరు కొట్టగానే తలుపు తియ్యాలని. మొదటిరోజు ఆలస్యంగా తీస్తే ఎంత కోపంగా చూశారు?"

ఒళ్లు మండింది. ఈ మనిషి కాల్చుకున్న చేతికి నేను పదమూడు రోజులుగా తిండి సహించక ఏడుస్తున్నాను. అబద్ధాలకోరు అని తిడదామని నోరు తెరిచాను. ఎవరిని తిట్టాలో తేలక నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వుతూ ఉంటే ఆయన కనుబొమల్లో పిండి రాలుతుందని ఇంతకుముందు చూడలేదు.

"ఇదేనా?" అని ఎర్రముక్కు దగ్గర గొంతుక్కూర్చున్నారు. ముక్కు మీద వేలు పెట్టి, చెక్క రెక్క వాలు మీదుగా కొసదాకా జరిపారు. పిండిని అడిగినట్టే అడిగారు. "ఇన్నేళ్లూ విన్నాను, ఒక్కసారి చూస్తానండీ."

మాస్టారి మడత కుర్చీ తెచ్చి వేశాను. మాస్టారే లేచి ఇచ్చారు. ఆయన తన కుర్చీ ఎవరికైనా ఇవ్వడం ఈ క్లబ్బులో ఎవరూ చూడలేదు.

ఎగరేశాను. పైకి, మూడు పొర్లింతలు, శిఖరం, కిందికి. అంతా ఒకే గొంతు. ఎలా ఉందని వెనక్కి తిరగకుండానే అడిగాను. జవాబు లేదు. ఇంకో గిరికీ కొట్టించి, మళ్లీ అడిగాను. లేదు. రెప్పపాటు తిరిగి చూశాను.

నిద్రాభంగంగారు తల ఒక పక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి, కుర్చీలో నిద్రపోతున్నారు.

మిషను ఆగితేనే తనకు మెలకువొస్తుందన్నారు కదా. దించబుద్ధి కాలేదు. పొర్లింతలు మానేసి, మైదానం చుట్టూ పెద్ద పెద్ద చుట్లు తిప్పుతూ ఉండిపోయాను. నా మెడ నొప్పెట్టింది. ట్యాంకులో చివరి చుక్కదాకా తిప్పాను. చివరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎర్రముక్కు చప్పుడు లేకుండా గాలిలో జారుతూ వచ్చి గడ్డి మీద వాలింది.

ఆయన కదిలారు.

"ఏమైంది?"

"ఇంధనం అయిపోయిందండీ."

"మళ్లీ పొయ్యండి" అన్నారు, కళ్లు తెరవకుండానే.